సిరిసిల్ల రేటు

పదకొండవ భాగం

పోయిన వారం ప్రీతిని మనం జగిత్యాల బస్టాండులో వదిలి వచ్చాం. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు కోసం ఆమె నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అవతల హైదరాబాద్ హెడ్డాఫీసులో జీతాల లెక్కలు చూసే మహేందర్. "రేపు పది గంటలకు ఎండీ గారే స్వయంగా వస్తున్నారు. యాభై ఆరు మంది సంతకాలూ టేబుల్ మీద ఉండాలి" అని చెప్పి, జవాబు వినకుండానే పెట్టేశాడు.

ఆ సంతకాలు దేనిమీదో కొత్తగా చదివేవారికి రెండు ముక్కల్లో చెప్పాలి. ప్రీతిది కోరుట్ల. అడ్డా మీద కూలికి నిలబడే ప్రభుదాస్ కూతురు. ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక షర్టుల కంపెనీలో పనిచేసి, మిషన్ మీద కూర్చున్న పిల్ల లైన్ సూపర్‌వైజర్ దాకా ఎదిగింది. ఆ కంపెనీ సిరిసిల్లలో యూనిట్ తెరుస్తుంటే, ఎవరూ రాలేమన్న చోటికి తానే వస్తానని వచ్చింది. మూడు నెలల్లో యాభై ఆరు మంది ఆడవాళ్లకు పని నేర్పింది. నేర్పడం అయ్యాక ఉద్యోగపు కాగితాలు వచ్చాయి. హైదరాబాద్‌లో టైలర్‌కు నెలకు పద్నాలుగు వేలు. ఇక్కడ అదే షర్టుకు, అదే కుట్టుకు ఎనిమిది వేల నాలుగు వందలు. ఎందుకో కాగితంలోనే రాసి ఉంది. సిరిసిల్లలో బతకడానికి అయ్యే ఖర్చు హైదరాబాద్ కంటే నలభై శాతం తక్కువట. కాబట్టి పద్నాలుగు వేలతో అక్కడివాళ్లు ఏమేమి కొంటారో, ఎనిమిది వేల నాలుగు వందలతో ఇక్కడివాళ్లు అవన్నీ కొనుక్కోవచ్చట. ప్రీతి జీతానికీ అదే కత్తెర పడింది. ముప్పై ఆరు వేలు కాస్తా ఇరవై ఒక వేయి ఆరు వందలైంది.

ఆమె వారం గడువు అడిగింది. ఆ వారం రోజులూ సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల బజార్లలో తిరిగి ఏది ఎంతకు దొరుకుతుందో రాసుకుంది.

పది గంటలకు ఐదు నిమిషాలుండగానే తెల్లకారు యూనిట్ ముందు ఆగింది.

ఎండీ జలపతిని ప్రీతి అంతకు ముందు రెండుసార్లే చూసింది, అదీ దూరం నుంచి. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మేడమీది గదిలోకి వచ్చీ రాగానే ఆయన కుర్చీ వైపు చూడలేదు, మనుషుల వైపూ చూడలేదు. టేబుల్ మీద పెట్టిన షర్టు తీసుకుని కాలర్ తిరగేసి, కుట్టు వెంబడి బొటనవేలి గోరు జరిపాడు.

"ఇంచీకి ఎన్ని?"

"పన్నెండు సార్" అంది ప్రీతి.

"ఎవరు కుట్టారు?"

"ఈమెనే సార్" అని పక్కన నిలబడ్డ ముస్కాన్‌ను చూపించింది.

ముస్కాన్‌కు ఇరవై ఆరేళ్లు. మూడు నెలల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు జాకెట్లు తప్ప మరొకటి కుట్టి ఎరగదు. ఇప్పుడు కాలర్ పని ఆమెదే. భర్త ఆదిల్ సాంచాల మోటార్లు బాగుచేస్తాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచలు ఆడితే ఆదిల్‌కు పని, ఆగితే ఆదిల్ ఇంట్లో. ముస్కాన్ వెనక గంగవ్వ నిలబడి ఉంది. యాభై ఏళ్ల మనిషి, ఎల్లారెడ్డిపేట నుంచి రోజూ వస్తుంది. లైన్‌లో అందరికంటే పెద్దది, కాజాలు కుట్టడంలో అందరికంటే వేగం.

మహేందర్ ల్యాప్‌టాప్ విప్పుతూ, "వీళ్లిద్దరూ ఎందుకు మేడం? మనం మాట్లాడుకుందాం, తర్వాత వాళ్లకు చెబుదురు గాని" అన్నాడు.

"సంతకం పెట్టేది వాళ్లు సార్. మాట కూడా వాళ్ల ముంగటనే కావాలె."

జలపతి కుర్చీలో కూర్చుంటూ చేయి ఊపాడు. ఉండనీయమన్నట్టు.

ఎదుటి గోడ మీద పట్టిక వెలిగింది. ఎడమ పక్క హైదరాబాద్, కుడి పక్క సిరిసిల్ల. మహేందర్ మనిషి చెడ్డవాడేమీ కాదు. లెక్క మీద నమ్మకం ఉన్నవాడు. చదువుతుంటే గొంతు తడబడలేదు. ఇంటి అద్దె అరవై ఒక్క శాతం తక్కువ. కిరాణా పద్దెనిమిది శాతం తక్కువ. ప్రయాణాలు యాభై శాతం తక్కువ. హోటల్ భోజనం, సినిమా టికెట్, జిమ్ ఫీజు, కాపుచినో, అన్నీ తక్కువే. కలిపి చూస్తే నలభై.

"మనం ఎవరికీ అన్యాయం చేయడం లేదు సార్" అని ముగించాడు. "ఎక్కడున్నా ఒకే రకంగా బతకగలిగే జీతం. అన్ని పెద్ద కంపెనీలూ ఇలాగే చేస్తాయి."

గంగవ్వ గోడ వైపు కళ్లు చిట్లించింది. "గా ఆఖర్న చదివింది ఏంది బిడ్డా? కాపు… ఏందది?"

"నురుగు కాఫీ, గంగవ్వా" అంది ముస్కాన్.

"సిరిసిల్లల గది యాడ దొరుకుతది?"

"నేనైతే యాడ చూడలే."

"మరి దొరకనిది అగ్గువ ఎట్లయింది?"

జలపతి నోరు ఒక పక్కకు వంగి, వెంటనే సర్దుకుంది. మహేందర్ గొంతు సవరించుకున్నాడు.

ప్రీతి లేచి నిలబడింది. పొద్దున బట్టలు కట్టుకుంటున్నప్పుడే ఆమెకు ఒక సంగతి తేలిపోయింది. ఇవాళ తాను ఎవరినీ బతిమాలబోవడం లేదు. వారం రోజులు తిరిగి తెలుసుకున్నది ఉన్నదున్నట్టు చెబుతుంది. ఆ తలపుతోనే అడుగు కుదురుగా పడింది.

"ముందుగాల మహేందర్ సార్ చెప్పినదాంట్ల నిజమున్నది చెప్త. అద్దెలు ఇక్కడ తక్కువ. పాలు తక్కువ. కూరగాయలు అంగడి నాడు కొంటే సగానికి సగం తక్కువ. కోరుట్లల చూసిన, జగిత్యాలల చూసిన, గక్కడ కూడ గంతే. గిది కాదంటే అబద్ధమైతది."

మహేందర్ తల ఎత్తాడు. ఇది అతను ఊహించలేదు.

"ఇగ మిగిలింది చూద్దాం" అని ప్రీతి ముస్కాన్ వైపు చూసింది.

ముస్కాన్ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెట్టింది. నూనె ప్యాకెట్, బట్టల సబ్బు, పళ్ల పేస్టు, జ్వరం గోలీల పట్టీ. ఆఖరున ఏ మాత్రం సిగ్గుపడకుండా ప్యాడ్ల ప్యాకెట్.

"గీటి మీద అచ్చేసిన ధర చదువుండ్రి సార్. హైదరాబాద్‌ల ఎంతనో గంతే. సిరిసిల్లోళ్లకు ఇంత అని వేరే అచ్చు వేయరు. ఫోన్‌ల పైసలు వేసుకున్నా గంతే. గ్యాస్ బండకు గంతే, పైన మోసినందుకు ముప్పై రూపాయలు. పిల్లల నోటుబుక్కులకు గంతే. ఇంట్ల ఖర్చయ్యే దాంట్ల సగం గిసొంటివే" అంది ముస్కాన్.

"రవాణా మాటేమిటి?" అన్నాడు మహేందర్. "ఆడవాళ్లకు బస్సు ఉచితం. అసలు ఖర్చే లేదు."

ఈసారి గంగవ్వ ముందుకు వచ్చింది. "సారూ, బస్సు ఫిరీనే. కాదంట లేను. కని మన పని ఎన్ని గంటలకు మొదలైతది?"

"ఎనిమిదికి."

"మా ఊరికి బస్సు ఎనిమిదిన్నరకు అస్తది. గప్పుడు ఎక్కితే నేను ఈడికి అచ్చేటాలకు తొమ్మిదైతది, సగం పూట జీతం కోస్తరు. గందుకని ఆటోల అస్త. నలభై రూపాయలు. మాపటికి బస్సు దొరికితే సరే, దొరకకుంటే మల్ల నలభై. హైదరాబాద్‌ల ఐదు నిమిషాలకొక బస్సు అస్తదట కదా. గక్కడ ఫిరీ అంటే ఫిరీనే. మాకాడ ఫిరీ బస్సు కండ్ల ముంగట్నుంచి ఖాళీగ పోతది, మేము ఆటోల పైసలిచ్చి పోతం."

"అవ్వా, మీకు సొంత ఇల్లు ఉంది కదా? అద్దె లేదు కదా?" మహేందర్ గొంతులో మర్యాద తగ్గలేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"ఉన్నది సారూ. మా ఆయిన పన్నెండేండ్లు మస్కట్‌ల ఉండి కట్టిన ఇల్లు. పన్నెండేండ్లల నాలుగుసార్లు ఇంటికచ్చిండు. గా ఇల్లు చూసి మీరు నా జీతం తక్కువ చేస్తె, గాయిన చెమట మీరు కోసుకున్నట్టే కద?"

కింద నుంచి మిషన్ల చప్పుడు, పక్క వీధి నుంచి సాంచాల టకటక వినిపించాయి. జలపతి టేబుల్ మీది గోలీల పట్టీ తీసి, ధర ఎక్కడ ఉందో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"అద్దె సంగతి నేను చెప్త సార్" అంది ప్రీతి. "సార్ పట్టికల రెండు గదుల ఇల్లు నాలుగున్నర వేలని ఉన్నది. నిజమే. నేనే అసొంటివి ఐదు చూసిన. మొదటి ఇంట్ల ఇల్లు నచ్చింది, అడ్వాన్స్ తియ్యబోయిన. పేరు అడిగిండ్రు. ప్రీతి అన్న. నాయిన పేరు అడిగిండ్రు. ప్రభుదాస్ అన్న. ఇల్లు మా చుట్టాలకు కావాల్నట అని చెప్పిండ్రు. రెండో ఇంట్ల గట్లనే. మూడో ఇంట్ల నేరుగనే అడిగిండ్రు, మీరు ఏమిటోళ్లని. ఆఖరికి ముస్కాన్ వాళ్ల మేనత్త కుల్సుమ్ బీ మీది అంతస్తు ఇచ్చింది. ఆరున్నర వేలు. ఆమె ఎక్కువేం తీసుకోలే, ఇల్లు పెద్దది. హైదరాబాద్‌ల ముగ్గురం కలిసి పన్నెండు వేల ఇంట్ల ఉన్నం. నా వంతు నాలుగు వేలు. సిరిసిల్లకు అచ్చినంక నా అద్దె పెరిగింది సార్. గా నాలుగున్నర వేల ఇల్లు పట్టికల ఉన్నది కని, నాకు ఇయ్యలే."

ఈ మాట ఎలా బయటికి వస్తుందోనని ఆమెకే నిన్నటిదాకా అనుమానం ఉండేది. అవమానం చెప్పుకుంటున్నట్టు కాక, బట్టలో పోగు తెగిన చోటు చూపిస్తున్నట్టు చెప్పగలిగింది.

మహేందర్ ల్యాప్‌టాప్ మీదికి చూపు దించుకున్నాడు. అతని దగ్గర దీనికి గడి లేదు.

"సార్, గా పేజీ జర కిందికి జరుపుండ్రి" అంది ప్రీతి. "ఇంకా కిందికి. ఆఖరిదాక."

గోడ మీద పట్టిక పైకి పాకింది. అన్నిటికంటే అడుగున సన్నటి బూడిదరంగు అక్షరాలు కనిపించాయి. హైదరాబాద్ కింద, ధరలు తెలియజేసినవారు మూడు వేల పైచిలుకు. సిరిసిల్ల కింద, ఇద్దరు.

జలపతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవరు ఆ ఇద్దరు?"

"అది తెలియదు సార్. వెబ్‌సైట్‌లో ఎవరైనా నింపవచ్చు. వాళ్లు పేర్లు చెప్పరు."

"ఇక్కడ ఉన్నవాళ్లేనా?"

"అదీ… చెప్పలేం సార్."

"మహేందర్" అన్నాడు జలపతి మెల్లగా. అప్పటిదాకా ఆఫీసు భాష మాట్లాడిన గొంతు ఉన్నట్టుండి జగిత్యాల యాసకు మళ్లింది. "పేరు లేనోళ్లు ఇద్దరు చెప్పిన మాటకు యాభై ఆరు మంది జీతం కోసినమా మనం?"

మహేందర్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ వెనక్కి తగ్గలేదు. "పట్టిక తప్పే అనుకుందాం సార్. అయినా మార్కెట్ అనేది ఒకటి ఉంటుంది. సిరిసిల్లలో ఎనిమిది వేలకు మనుషులు దొరుకుతారు. దొరికే ధరకంటే ఎక్కువ ఎందుకు ఇవ్వాలి?"

ఈ ప్రశ్న వస్తుందని ప్రీతికి తెలుసు. మొన్న కోరుట్లలో, తండ్రి పక్కన గడప మీద కూర్చున్నప్పుడు ఇదే మాట ఎత్తింది. ప్రభుదాస్ బీడీ ఆర్పి, చాలాసేపు ఆలోచించి చెప్పాడు. "అడ్డా మీద మేస్త్రీలు గిట్లనే అంటరు బిడ్డా. నీది ఈ ఊరే కద, కిరాయి లేదు, బస్సు లేదు, నీకు ఎక్కువెందుకు అని. నేనొక్కటే అంట. ఇటుక బరువు దూరపోనికి ఎంతనో నాకూ గంతే కద అని. గా మాటకు కొందరు ఇస్తరు, కొందరు ఇయ్యరు. కని ఎవ్వడు ఎదురు చెప్పడు."

ప్రీతి టేబుల్ మీది షర్టు తీసుకుంది. ముస్కాన్ కుట్టిన షర్టు. దాని మెడకు వేలాడుతున్న అట్టముక్కను జలపతి వైపు తిప్పి పెట్టింది.

"సార్, గీ షర్టు పదహారు వందలు. హైదరాబాద్ లైన్‌ల కుట్టింది కూడ పదహారు వందలే. రెండూ ఒక్క డబ్బల పోతయి, ఒక్క షాపుల వేలాడుతయి. కొనేటోనికి ఏది ఏడ కుట్టిందో తెల్వదు. గిది సిరిసిల్లల కుట్టింది, గందుకే నలభై శాతం తక్కువకు అమ్ముతున్నం అని మనం ఎన్నడన్న బోర్డు పెట్టినమా? అమ్మేటప్పుడు సిరిసిల్ల రేటు లేదు. కుట్టేటప్పుడు మాత్రం ఎందుకుండాలె?"

గంగవ్వ పెదవులు కదిలాయి. ఆ మాటను మనసులో మరోసారి చెప్పుకుంటున్నట్టుంది.

ప్రీతి ఆగలేదు. "ఇంకొకటి. అక్కడ ఒక ఇంట్ల ఇద్దరికి పని దొరుకుతది. మొగడు డెలివరీ పనికి పోయినా, వాచ్‌మన్ చేసినా నెలనెల అస్తయి. ఇక్కడ ముస్కాన్ మొగనికి సాంచాలు నడిస్తేనే పని. నడవని నెల గీమె జీతం మీదనే ఐదుగురు తినాలె. అక్కడి పద్నాలుగు వేలు ఇంటికి సగం జీతం సార్. ఇక్కడి ఎనిమిది వేలు ఇంటికి మొత్తం జీతం."

జలపతి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. వాళ్లకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఎదురు మేడ మీద ఎవరో రంగు నూలు కట్టలు ఆరేస్తున్నారు.

"నేను జగిత్యాలల గడియారం టవర్ కాడ ఒక్క మిషన్ పెట్టుకుని కూసున్న" అన్నాడు, ఇటు తిరగకుండానే. "ఇరవై మూడేండ్లు నాకు. హైదరాబాద్ నుంచి ఒక సేటు కట్ చేసిన బట్ట పంపుతుండె. కుట్టి పంపితే షర్టుకు ఆరు రూపాయలు. అక్కడ కుట్టేటోళ్లకు తొమ్మిది. ఎందుకు సేటూ అంటే, నీది జగిత్యాల కద, నీకేం ఖర్చున్నది అన్నడు. గిదే మాట. నేను నీ తీరుగ మాట్లాడలే. మిషన్ అమ్మి బస్సెక్కి హైదరాబాద్ పోయిన." ఇటు తిరిగాడు. "నీ లెక్క చెప్పు బిడ్డా. తేడా ఎంత?"

"పన్నెండు శాతం సార్. రెండు తీర్ల చూసిన. నాకు లాభమయ్యేటట్టు ఒకసారి, కంపెనీకి లాభమయ్యేటట్టు ఒకసారి. రెండింటి నడుమ పన్నెండు అచ్చింది. నాకు కూడ గదే కోయుండ్రి."

"అంటే పన్నెండు వేల మూడొందలు."

"లెక్కకు పైన ఇంకో ఇరవై అస్తయి. గవి వద్దులెండ్రి" అంది ప్రీతి. ముస్కాన్ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జలపతి కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ప్రీతి గుండె తేలికపడింది. గెలిచాం అనుకుంది. గంగవ్వ అప్పుడే ముస్కాన్ చేయి పట్టుకుంది.

"నువ్వు చెప్పింది సత్యం" అన్నాడు జలపతి. మళ్లీ కుర్చీలో కూర్చుని మహేందర్ ముందున్న ఉద్యోగపు కాగితాల కట్టను తన వైపు లాక్కుని, ఒక్కసారిగా అడ్డంగా చింపేశాడు. "గిది పోయింది. పన్నెండు వేల మూడొందలకు కొత్త కాగితాలు చేయించు మహేందర్."

"సార్" అన్నాడు మహేందర్. మరేదో చెప్పబోతుంటే జలపతి చేయి అడ్డం పెట్టాడు.

"అయితే బిడ్డా, సత్యం నీ దిక్కే కాదు, నా దిక్కు కూడ ఒకటున్నది. గది కూడ విను. ఈ యూనిట్ల కుట్టేటోళ్ల జీతాలకు నేను పెట్టగలిగేది నెలకు నాలుగు లక్షల డెబ్బై ఒక వేయి. గీ యేడు గంతకంటే ఒక్క రూపాయి లేదు. మిషన్ల మీద బ్యాంకు అప్పు తెచ్చిన, కావాల్నంటే మహేందర్ చూపెడ్తడు. ఎనిమిది వేల నాలుగొందలైతే యాభై ఆరు మందికి సరిపోతది. గా లెక్కతోనే ఇంతమందిని తీసుకున్నం. నువ్వు చెప్పిన రేటుకు ముప్పై ఎనిమిది మందికే అస్తది."

ప్రీతి మనసులోనే లెక్క వేసుకుంది. సరిగ్గానే ఉంది. అంకెలో తప్పు దొరుకుతుందేమోనని ఒకటికి రెండుసార్లు వేసి చూసింది. దొరకలేదు.

"పద్దెనిమిది మంది ఇంటికి పోవాలె" అన్నాడు జలపతి. "ఎవరి చెయ్యి ఎట్లాంటిదో నీకే ఎరుక. పేర్లు నువ్వే రాసియ్యి. నాలుగింటికి నేను తిరిగి పోవాలె. గాలోపు."

"సార్, హైదరాబాద్ లైన్‌ల నెలకు పది మంది మానేస్తరు. ఇక్కడ మూడు నెలల్ల ఒక్కరు మానలే. కొత్తోళ్లకు నేర్పే ఖర్చు ఎంత మిగులుతదో…"

"మిగులుతది. ఆరు నెలలు గడిస్తే కనబడుతది. గప్పుడు మల్ల తీసుకుందాం. ఈ నెల జీతం గా మిగిలేదానితోని ఇయ్యలేను కద." ఆయన గొంతులో కటువు లేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. కసురుకునేవాడితో పోట్లాడడం తేలిక.

మహేందర్ తెల్లకాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు. పెన్ను కూడా పెట్టాడు. అతని ముఖంలో విజయం లేదు. నిజానికి, ఆమె కళ్లలోకి చూడలేకపోతున్నాడు.

ప్రీతి ఆ కాగితాన్ని చూసింది. ముప్పై ఎనిమిది మందికి మంచి జీతం, పద్దెనిమిది మందికి వట్టి చేతులు. ఎనిమిది వేల నాలుగొందలు అన్యాయమే, కానీ అది యాభై ఆరు ఇళ్లకు వెళ్లేది. న్యాయం అడిగినందుకు పద్దెనిమిది ఇళ్లలో పొయ్యి చల్లారుతుందా? గంగవ్వకు చూపు తగ్గుతోంది. చేయి ఎంత వేగమైనా ఏడాదికో రెండేళ్లకో కాజాలు పక్కకు పోతాయి. పనితనం చూసి రాస్తే ఒకరి పేరు, అవసరం చూసి రాస్తే మరొకరి పేరు. ఎలా రాసినా, రేపటి నుంచి ఈ ఊళ్లో ఆమెను చూసి తల తిప్పుకునేవాళ్లు పద్దెనిమిది మంది.

"గీ మాట వాళ్లందరికి చెప్పొచ్చునా సార్?" అని అడిగింది.

"ఎందుకు?" అన్నాడు మహేందర్. "గొడవైపోతుంది మేడం. లిస్టు ఇచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం."

"చెప్పుకో" అన్నాడు జలపతి.

ప్రీతి కాగితం, పెన్ను తీసుకుని మెట్లు దిగింది. ముస్కాన్, గంగవ్వ వెనకే వచ్చారు. వాళ్ల ముగ్గురి వెనక కాస్త ఎడంగా జలపతి కూడా దిగి మెట్ల మధ్యలో ఆగాడు.

ఆమె గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్ బంద్ చేసింది. మిషన్లు ఒకదాని వెనక ఒకటి మూలిగి ఆగిపోయాయి. యాభై నాలుగు తలలు ఆమె వైపు తిరిగాయి. సగం కుట్టిన చేతులు, జేబులు, కాలర్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

ప్రీతి దాచకుండా చెప్పింది. పాత కాగితాలు చిరిగిన సంగతి, కొత్త రేటు సంగతి, ముప్పై ఎనిమిది సంగతి. మాటలు తీపి చేయలేదు, చేదూ చేయలేదు. మొదటి సగానికి వెనక వరసల్లోంచి చప్పట్లు వినిపించాయి. రెండో సగానికి ఆగిపోయాయి.

"పేర్లు రాయమని నాకిచ్చిండ్రు" అంది. "ఒక్కదాన్నే కూసుండి రాస్తే గది నా ఇష్టం అయితది. నాకు గా హక్కు లేదు. మీరు ఎట్ల చెప్తె గట్ల. అందరం పాత రేటుకే ఉందామన్నా సరే, నేను పైకి పోయి గా మాటనే చెప్త. నాకు సిగ్గేం లేదు."

ఒక మూల నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. పక్కపక్క మిషన్ల మీద కూర్చునే అక్కాచెల్లెళ్లిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని కళ్లు దించుకున్నారు. గంగవ్వ నేల మీద పడ్డ దారపు ముక్కలు ఏరుతోంది, చేతులకు మరో పని తోచక.

అప్పుడు ముస్కాన్ ప్రీతి చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"ముందుగాల నా పేరు రాస్తున్న అక్కా" అని, కాగితాన్ని దగ్గరున్న మిషన్ మీద పరిచి తన పేరు తానే రాసుకుంది. చక్కటి అక్షరాలు, తొందర లేకుండా.

"ముస్కాన్, ఏం చేస్తున్నవ్? ఇంట్ల ఐదుగురు…"

"ఎరుకనే. ఇంకా పదిహేడు మంది కావాలె. కాజాల పని అచ్చినోళ్లు ఇద్దరు, కాలర్‌కు ముగ్గురు, కటింగ్‌కు ఒకరు." ఆమె లైన్ వైపు తిరిగింది. ముఖంలో దిగులు లేదు. "నాతోని ఎవరెవరు అస్తరు? ఇంటికి కాదు. పనికి."

ఎవరికీ అర్థం కాలేదు. ప్రీతికీ కాలేదు. ముస్కాన్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆదిల్, కహాఁ హో? మార్కండేయులు షెడ్డు చాబీ లేకే ఆజావ్. హాఁ, అబ్బీ."

మార్కండేయులు షెడ్డు తాళంచెవి వెంటనే తెమ్మంటోంది భర్తను. ఆ పేరు వినగానే లైన్ మొత్తం గుసగుసలు పాకాయి. గాంధీ చౌక్ వెనక ఉన్న ఆ సాంచాల షెడ్డు యజమాని మార్కండేయులు; నాలుగేళ్లుగా దానికి తాళం పడి ఉంది. అప్పటి నుంచి దానిలో అడుగుపెట్టినవాళ్లు సిరిసిల్లలో ఎవరూ లేరని అందరూ చెప్పుకుంటారు.

మెట్ల మీద ఏదో కదిలినట్టయి ప్రీతి తల తిప్పింది. జలపతి రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని ఉన్నాడు. ఇంతసేపు బ్యాంకు అప్పు గురించి, జీతాల గురించి తొణకకుండా మాట్లాడిన మనిషి ముఖంలో నెత్తురు లేదు.

"మార్కండేయులు తను బతికున్నంత కాలం గా చాబీ ఎవ్వరికి ఇయ్యనని నాకు మాటిచ్చిండు" అన్నాడు ముస్కాన్‌తో. "నీ మొగని చేతికి ఎట్లచ్చింది?"